దాడికి ప్రాధాన్యమా, రక్షణకు ప్రాధాన్యమా? ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు అనుభవం (1925–1934)

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. 1925 నాటికి ఆర్సెనల్ పరిస్థితి
4. ఆఫ్‌సైడ్ నియమంలో మార్పు
5. న్యూకాసిల్ ఓటమి – మూడో బ్యాక్
6. గణాంకాల సాక్ష్యం
7. ఐదేళ్ల నిర్మాణం
8. విమర్శ
9. మన ప్రాంతంతో పోలిక: రహీం, 1962
10. సారాంశం
11. మీ ప్రగతిని పరీక్షించుకోండి
12. నమూనా పరీక్ష ప్రశ్నలు
13. పదకోశం

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– 1925లో ఆఫ్‌సైడ్ నియమం ఎలా మారిందో, దాని ఫలితాలు ఏమిటో వివరించగలుగుతారు.
– కష్టాల్లో ఉన్న ఒక క్లబ్బు తన ఆటను ఏ క్రమంలో సరిదిద్దుకుందో చెప్పగలుగుతారు.
– ప్రచారంలో ఉన్న కథనాన్ని గణాంకాలతో సరిపోల్చి పరీక్షించగలుగుతారు.

2. పరిచయం

ఓడిపోతున్న జట్టును ఎవరు చూసినా ఒక సలహా ఇస్తారు. కొందరు గోల్స్ కొట్టేవాళ్లను తెచ్చుకోమంటారు. కొందరు ముందు గోల్స్ పడకుండా చూసుకోమంటారు. ఇది మైదానం బయట కూర్చున్నవారి కబుర్లకే పరిమితమైన ప్రశ్న కాదు. ఉన్న కొద్దిపాటి డబ్బు, మనుషులు, సమయం ముందుగా దేనికి ఖర్చు చేయాలన్నది కష్టాల్లో పడిన ప్రతి సంస్థా ఎదుర్కొనే ప్రశ్నే. కాబట్టి దీనికి చరిత్రలో సమాధానం వెతకడం వృథా ప్రయాస కాదు.

ఈ పాఠంలో ఇంగ్లండుకు చెందిన ఆర్సెనల్ క్లబ్బును ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, 1925లో ఈ క్లబ్బు దాదాపు క్రింది డివిజనుకు జారిపోయే స్థితిలో ఉండి, పదేళ్లలో దేశంలోనే అగ్రస్థానానికి చేరింది. రెండవది, ఆ కాలపు లీగ్ పట్టికలు పూర్తిగా లభిస్తున్నాయి. అందువల్ల ఆ మార్పు ఎలా జరిగిందో ఊహతో కాక అంకెలతో చూడవచ్చు.

3. 1925 నాటికి ఆర్సెనల్ పరిస్థితి

ఆర్సెనల్ 1913లో లండన్ నగరపు ఉత్తర ప్రాంతమైన హైబరీకి తరలివచ్చింది. 1919లో మొదటి డివిజనులో చోటు సంపాదించింది. ఆ తరువాతి ఆరేళ్లలో మాత్రం చెప్పుకోదగిన విజయమేదీ లేదు. 1924–25 సీజనులో 22 జట్లలో 20వ స్థానంలో నిలిచింది. చివరి రెండు జట్లు క్రింది డివిజనుకు వెళ్లాలి. అంటే ఆర్సెనల్ ప్రమాదపు గీతకు ఒక్క మెట్టు పైన ఆగింది. 42 మ్యాచ్‌లలో 23 ఓడిపోయింది.

1925 వేసవిలో క్లబ్బు హెర్బర్ట్ చాప్‌మన్‌ను మేనేజరుగా నియమించింది. ఆయన బొగ్గు గనుల ప్రాంతంలో, గని కార్మికుడి ఇంట పుట్టినవాడు. అంతకుముందు హడర్స్‌ఫీల్డ్ క్లబ్బును 1924లోనూ 1925లోనూ వరుసగా లీగ్ విజేతగా నిలిపాడు. విజేత జట్టును వదిలి 20వ స్థానంలోని జట్టుకు రావడం చిన్న నిర్ణయం కాదు.

చాప్‌మన్ మొదటి పెద్ద కొనుగోలు దాడికోసమే జరిగింది. సండర్లాండ్ నుంచి ఛార్లీ బుకన్ అనే ఫార్వర్డును తెచ్చాడు. అప్పటికి బుకన్ వయసు 33 ఏళ్లు. 2,000 పౌండ్లు ముందుగా, ఆ సీజనులో అతను చేసే ప్రతి గోల్‌కు 100 పౌండ్ల చొప్పున అదనంగా చెల్లించడం ఒప్పందం. గోల్స్ లేమి క్లబ్బును ఎంతగా బాధించిందో ఈ ఒప్పందమే చెబుతుంది. రక్షణతో కీర్తి తెచ్చుకున్న చాప్‌మన్ కథ గోల్స్ చేసే మనిషిని కొనడంతో మొదలైందన్న సంగతి గుర్తుంచుకోండి.

4. ఆఫ్‌సైడ్ నియమంలో మార్పు

చాప్‌మన్ ఆర్సెనల్‌కు వచ్చిన 1925 జూన్‌లోనే ఫుట్‌బాల్ నియమాల్లో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతవరకు, ముందుకు పంపిన బంతిని అందుకునే ఆటగాడికీ ప్రత్యర్థి గోల్ గీతకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. లేకపోతే అది ఆఫ్‌సైడ్. 1925 నుంచి ఇద్దరు ఉంటే చాలన్నారు.

ముగ్గురా, ఇద్దరా అన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది. దాని ప్రభావం తెలియాలంటే అప్పటి జట్ల అమరిక తెలియాలి. గోల్‌కీపరు ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అందరికంటే ముందు ఐదుగురు ఫార్వర్డులు ఉండేవారు. హాఫ్‌బ్యాక్‌లలో మధ్యనుండే సెంటర్ హాఫ్ జట్టుకు ఇరుసు వంటివాడు. రక్షణలో సాయపడుతూనే దాడిని మొదలుపెట్టేవాడు కూడా అతనే.

పాత నియమం కింద, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లలో ఒకడు అదను చూసి ముందుకు జరిగితే ప్రత్యర్థి ఫార్వర్డు ముందు ఇద్దరే మిగిలేవారు. అంటే అతను ఆఫ్‌సైడ్‌లో చిక్కేవాడు. ఒకవేళ అంచనా తప్పినా వెనుక రెండో ఫుల్‌బ్యాక్ కాపలా ఉండేవాడు. న్యూకాసిల్ జట్టుకు చెందిన బిల్ మెక్రాకెన్ ఈ ఉచ్చు బిగించడంలో పేరు మోసినవాడు. ఈ పద్ధతి ముదిరి ఆట మాటిమాటికీ ఆగిపోతూ, గోల్స్ తగ్గిపోయాయి. నియమం మార్చడానికి ఇదే కారణం.

కొత్త నియమంలో ఆ ధీమా పోయింది. ఉచ్చు బిగించాలంటే ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ ముందుకు జరగాలి. అది తప్పితే వెనుక గోల్‌కీపరు ఒక్కడే. ఫలితం వెంటనే కనిపించింది. ఇంగ్లిష్ లీగ్‌లోని అన్ని విభాగాల్లో కలిపి 1924–25లో 4,700 గోల్స్ వస్తే, 1925–26లో 6,373 వచ్చాయి. మ్యాచ్‌ల సంఖ్య మారలేదు. అప్పుడూ 1,848, ఇప్పుడూ 1,848.

ఇక్కడ చరిత్ర విద్యార్థి గమనించవలసింది ఒకటుంది. నియమం అందరికీ ఒకేసారి మారింది. అయినా అన్ని జట్ల గతీ ఒకేలా లేదు. పరిస్థితి కారణమైతే, దానికి మనుషులు ఇచ్చిన జవాబు మరో కారణం. రెండింటినీ కలిపి చూస్తేనే వివరణ పూర్తవుతుంది.

5. న్యూకాసిల్ ఓటమి – మూడో బ్యాక్

1925 అక్టోబరు 3న న్యూకాసిల్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆర్సెనల్ 0–7 తేడాతో ఓడిపోయింది. రెండు రోజుల తరువాత, అక్టోబరు 5న, వెస్ట్‌హామ్ జట్టును దాని సొంత మైదానంలోనే 4–0తో ఓడించింది. ఈ రెండు రోజుల మధ్య జరిగిన చర్చ ఫుట్‌బాల్ చరిత్రలో ప్రసిద్ధమైనది.

బుకన్ చెప్పిన ప్రకారం, సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యకు, అంటే పూర్తిగా వెనక్కి దించాలని తాను పట్టుబట్టాడు. అలా దించితే మధ్యలో ఒక మనిషి తగ్గుతాడు. ఆ లోటు తీర్చడానికి ఐదుగురు ఫార్వర్డులలో ఒకరు కొంచెం వెనక్కి వచ్చి, రక్షణకూ దాడికీ మధ్య వంతెనలా నిలవాలి. సెంటర్ హాఫ్ జాక్ బట్లర్ వెనక్కి దిగాడు. వంతెన పని ఆండీ నీల్ అనే ఆటగాడికి అప్పగించారు. నీల్ వేగమున్నవాడు కాదు. కానీ బంతిని అదుపులో ఉంచుకొని సరైనచోటికి అందించగలవాడు.

ఈ కథనాన్ని ఎంతవరకు నమ్మాలి? మ్యాచ్ తేదీలు, ఫలితాలు రికార్డుల్లో ఉన్నాయి. వాటిపై సందేహం లేదు. కానీ గదిలో ఎవరు ఏమన్నారన్నది ప్రధానంగా బుకన్ ఆత్మకథ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అది 1955లో, సంఘటన జరిగిన ముప్పై ఏళ్లకు వెలువడింది. జ్ఞాపకంలో చెప్పేవాడి పాత్ర సహజంగానే కొంత పెరుగుతుంది. అదే కాలంలో మరికొన్ని జట్లు కూడా సెంటర్ హాఫ్‌ను వెనక్కి దించి చూశాయని చరిత్రకారులు చెబుతారు. కాబట్టి ‘మొదట కనిపెట్టింది ఎవరు?’ అనే ప్రశ్న కంటే, ‘ఈ మార్పును ఒక పద్ధతిగా నిలబెట్టింది ఎవరు?’ అనే ప్రశ్న మనకు ఎక్కువ ఉపయోగం. దానికి జవాబు ఆర్సెనల్.

ఆ మార్పులో ఉన్న అసలు తెలివి ఏమిటో కూడా చూడాలి. ఒక మనిషిని వెనక్కి దించడం ఎవరైనా చేయగలరు. అతను వదిలివచ్చిన చోటును ఎవరు పూరిస్తారన్నది అదే రోజు ఆలోచించడం అందరూ చేయలేదు.

6. గణాంకాల సాక్ష్యం

మూడో బ్యాక్ వల్ల ఆర్సెనల్ రక్షణ గట్టిపడి జట్టు బాగుపడిందన్నది వాడుకలో ఉన్న మాట. దాన్ని పట్టికతో పరీక్షిద్దాం.

1924–25: స్థానం 20, చేసినవి 46, ఇచ్చినవి 58, డివిజనులో ఒక్కో జట్టు సగటు 54.
1925–26: స్థానం 2, చేసినవి 87, ఇచ్చినవి 63, డివిజనులో ఒక్కో జట్టు సగటు 77.

(మొదటి డివిజనులో మొత్తం గోల్స్ మొదటి సంవత్సరం 1,192, రెండవ సంవత్సరం 1,703. వాటిని 22 జట్లకు భాగిస్తే పై సగటు వస్తుంది.)

తొందరపడి చూస్తే, ఇచ్చిన గోల్స్ 58 నుంచి 63కు పెరిగాయి కనుక రక్షణ బలహీనపడిందనిపిస్తుంది. అది పొరపాటు. ఆ ఏడు అందరికీ గోల్స్ వెల్లువెత్తాయి. కాబట్టి సగటుతో పోల్చాలి. 1924–25లో ఆర్సెనల్ సగటు కంటే 4 గోల్స్ ఎక్కువగా ఇచ్చింది. మరుసటి ఏడు సగటు కంటే 14 తక్కువగా ఇచ్చింది. అంటే రక్షణలో మెరుగుదల 18. ఇక దాడి: మొదటి ఏడు సగటు కంటే 8 తక్కువ, మరుసటి ఏడు 10 ఎక్కువ. అక్కడ కూడా మెరుగుదల 18!

ఈ లెక్క ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. రక్షణ కోసం చేసిన మార్పు దాడిని తినివేయలేదు. రెండూ సమానంగా ఎదిగాయి. వెనుక భయం తగ్గినందువల్ల ముందున్నవారు స్వేచ్ఛగా ఆడగలిగారని భావించవచ్చు.

అయితే దాడి ఒక్కటే చాలదా? అదే 1925–26 సీజనులో మాంచెస్టర్ సిటీ 89 గోల్స్ చేసింది. ఆర్సెనల్ కంటే రెండు ఎక్కువ. కానీ 100 ఇచ్చింది. ఆర్సెనల్ రెండో స్థానంలో నిలిస్తే, మాంచెస్టర్ సిటీ 21వ స్థానంలో నిలిచి క్రింది డివిజనుకు వెళ్లింది. చిల్లు కుండలో ఎన్ని బిందెలు పోసినా నిలవదన్నట్లుంది ఆ ఏటి దాని ఆట. ఆశ్చర్యకరంగా 1937–38లో అదే క్లబ్బు డివిజనులో అందరికంటే ఎక్కువగా 80 గోల్స్ చేసి కూడా మళ్లీ క్రిందికి జారింది. ఆ ఏడు ఇచ్చినవి 77.

7. ఐదేళ్ల నిర్మాణం

కథ ఇక్కడే ముగిస్తే రెండు రోజుల్లో ఒక ఉపాయంతో క్లబ్బు బాగుపడిందన్న తప్పుడు అభిప్రాయం మిగులుతుంది. తరువాతి సీజన్లలో ఆర్సెనల్ వరుసగా 11, 10, 9, 14 స్థానాల్లో నిలిచింది. అమరిక తెలిసింది గాని దానికి తగిన మనుషులు ఇంకా లేరు. బట్లర్ స్వభావరీత్యా ముందుకు వెళ్లి ఆడే సెంటర్ హాఫ్. కేవలం అడ్డుకోవడమే పనిగా నిలబడడం అతని ఆట కాదు.

1926 డిసెంబరులో ఆస్వెస్ట్రీ అనే చిన్న క్లబ్బు నుంచి హెర్బీ రాబర్ట్స్‌ను 200 పౌండ్లకు తెచ్చారు. అతను మధ్యలో నిలబడి ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డును వదలకుండా కాపు కాసేవాడు. అందుకే అతనికి ‘పోలీసు’ అనే పేరు వచ్చింది. ఆ తరువాతే ఖరీదైన ఫార్వర్డులు వచ్చారు. 1928లో డేవిడ్ జాక్, 1929లో అలెక్స్ జేమ్స్, క్లిఫ్ బాస్టిన్ చేరారు. జేమ్స్ ఖరీదు 8,750 పౌండ్లు. నీల్ ఒకనాడు చేసిన వంతెన పనిని జేమ్స్ ఒక కళగా మార్చాడు.

ఈ క్రమాన్ని అంకెల్లో చూడండి. 1926–27 నుంచి 1930–31 వరకు ఐదు సీజన్లలో ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్: 86, 86, 72, 66, 59. చేసిన గోల్స్: 77, 82, 77, 78, 127. మొదటి నాలుగేళ్లు దాడి ఉన్నచోటే ఉంది. ఆ కాలంలో రక్షణ మెట్టుమెట్టుగా గట్టిపడింది. ఐదో ఏట దాడి ఒక్కసారిగా ఎగసింది. 1930లో హడర్స్‌ఫీల్డ్‌ను 2–0తో ఓడించి ఎఫ్.ఎ. కప్పు, 1931లో లీగ్ విజయం దక్కాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మన పెద్దల మాటకు ఇంతకంటే చక్కని పట్టిక దొరకడం కష్టం.

1930–31లో ఆస్టన్ విల్లా 128 గోల్స్ చేసింది. ఆర్సెనల్ కంటే ఒకటి ఎక్కువ. కానీ విల్లా ఇచ్చినవి 78, ఆర్సెనల్ ఇచ్చినవి 59. పాయింట్లలో ఆర్సెనల్‌కు 66, విల్లాకు 59. దాడిలో సమానమైన రెండు జట్ల మధ్య విజేతను రక్షణే నిర్ణయించింది.

చాప్‌మన్ 1934 జనవరి 6న న్యుమోనియాతో మరణించాడు. ఆర్సెనల్ 1933, 1934, 1935లలో వరుసగా మూడుసార్లు లీగ్ గెలిచింది. చివరి విజయం పూర్తిగా ఆయన తదనంతరం వచ్చింది. మనిషి పోయినా పద్ధతి నిలిచిందనడానికి ఇది నిదర్శనం.

8. విమర్శ

ఈ పద్ధతిపై వచ్చిన విమర్శలను దాటవేయకూడదు. మొదటిది, ఆటలోని అందం తగ్గిందన్నది. దాడికీ రక్షణకూ ఇరుసుగా ఉన్న సెంటర్ హాఫ్ కేవలం అడ్డుగోడగా మారిపోయాడు. 1933–34లో ఆర్సెనల్ 75 గోల్స్‌తో విజేత అయితే, 90 గోల్స్ చేసిన హడర్స్‌ఫీల్డ్ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. ప్రత్యర్థుల అభిమానులు దీన్ని ‘అదృష్టం’ అన్నారు.

రెండవది మరింత బలమైన విమర్శ. రాబర్ట్స్ ఖరీదు 200 పౌండ్లు, జేమ్స్ ఖరీదు 8,750. మొదటిది ఏ క్లబ్బుకైనా అందుబాటులో ఉంటుంది. రెండవది ధనికులకే సాధ్యం. అందువల్ల ఆర్సెనల్‌ను అనుకరించినవారిలో చాలామంది అడ్డుగోడను మాత్రమే అనుకరించగలిగారు. వంతెనను కట్టలేకపోయారు. రక్షణకు ఇచ్చిన ప్రాధాన్యం అక్కడ మొదటి మెట్టుగా కాక చివరి మెట్టుగా మిగిలిపోయింది. ఈ విమర్శలో న్యాయముంది. అయితే అది పద్ధతిని సగంలో ఆపినవారికి వర్తిస్తుంది గాని పద్ధతికి కాదు.

9. మన ప్రాంతంతో పోలిక: రహీం, 1962

చాప్‌మన్ నుంచి మనం నేర్చుకున్నది ‘ఎప్పుడూ మనిషిని వెనక్కే దించాలి’ అనే సూత్రమైతే, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం అనుభవం దాన్ని సరిదిద్దుతుంది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ తన మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరువాత థాయిలాండ్‌తో జరిగిన మ్యాచ్‌లో వెనుక గోడలా నిలిచే జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది. రహీం అతన్ని సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డుగా ఆడించాడు. రెండు మ్యాచ్‌లలోనూ జర్నయిల్ గోల్ చేశాడు. ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో సికింద్రాబాదులో పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

చాప్‌మన్ దాడిని నడిపే మనిషిని వెనక్కి దించాడు. రహీం రక్షణలోని మనిషిని ముందుకు పంపాడు. పైకి ఇవి ఎదురెదురు పనులు. కానీ ఇద్దరి ఆలోచనా ఒకటే. జట్టు ఎక్కడ దెబ్బతింటున్నదో, ఉన్న మనుషులు ఏ పనికి పనికివస్తారో చూశారు. రహీం అలా చేయగలగడానికి కారణం జర్నయిల్ వెళ్లిపోయినా వెనుక అరుణ్ ఘోష్ వంటివారు నిలబడగలగడం. ఇల్లు కాపాడేవారు ఉన్నప్పుడే ఇంటి యజమాని పొరుగూరికి వెళ్లగలడు.

10. సారాంశం

కష్టాల్లో ఉన్న జట్టు ముందుగా రక్షణను సరిదిద్దుకోవాలన్నది ఈ పాఠం సమర్థించే అభిప్రాయం. ఇందుకు మూడు కారణాలు. ఒకటి, రక్షణ ప్రధానంగా అమరికకు, క్రమశిక్షణకు సంబంధించినది కనుక తక్కువ డబ్బుతో మొదలుపెట్టవచ్చు. దాడికి అరుదైన నైపుణ్యం, దానికి తగిన వెల కావాలి. రెండు, మ్యాచ్ 0–0తోనే మొదలవుతుంది. గోల్ ఇవ్వని జట్టు చేతిలో కనీసం ఒక పాయింటు ఉంటుంది. మూడు, మాంచెస్టర్ సిటీ అనుభవం చూపినట్లు, రక్షణ లేని దాడి ఎంత గొప్పదైనా జట్టును కాపాడలేదు.

కానీ ప్రాధాన్యం అంటే క్రమం మాత్రమే, గమ్యం కాదు. వెనక్కి దించిన ప్రతి మనిషికీ బదులుగా ముందుకు వంతెన కట్టాలి. కట్టినది ఫలించేవరకు, అంటే 11, 10, 9, 14 స్థానాల కాలంలో, ఓపిక పట్టాలి. ఆర్సెనల్ క్లబ్బు పెద్దలు ఆ నాలుగేళ్లలో ఎప్పుడైనా చాప్‌మన్‌ను తొలగించి ఉంటే ఈ పాఠం వ్రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

11. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1925కు ముందు, తరువాత ఆఫ్‌సైడ్ నియమం ఏమిటి?
2. 1925–26లో ఆర్సెనల్ ఇచ్చిన గోల్స్ పెరిగినా రక్షణ మెరుగుపడిందని ఎలా చెప్పగలం?
3. బుకన్ ఆత్మకథను ఆధారంగా వాడేటప్పుడు ఎందుకు జాగ్రత్త అవసరం?

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1925–1931 మధ్య ఆర్సెనల్ క్లబ్బు పునర్నిర్మాణ క్రమాన్ని గణాంకాలతో వివరించండి.
2. ‘రక్షణకు ప్రాధాన్యం ఇవ్వడం ఆటను చంపడమే’ అనే వాదాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. చాప్‌మన్, రహీం నిర్ణయాలను పోల్చండి.
2. మీకు తెలిసిన ఒక స్థానిక జట్టు గాని సంస్థ గాని కష్టకాలంలో ముందుగా దేన్ని సరిదిద్దుకుందో, ఫలితం ఏమైందో రాయండి.

13. పదకోశం

ఫుల్‌బ్యాక్: గోల్‌కీపరుకు ముందు నిలిచి రక్షించే ఆటగాడు.
సెంటర్ హాఫ్: 1925కు ముందు మైదానం మధ్యలో ఆడుతూ దాడికీ రక్షణకూ తోడ్పడిన ఆటగాడు, తరువాత మూడో బ్యాక్.
సెంటర్ ఫార్వర్డు: దాడి వరుసలో మధ్యనుండి గోల్స్ చేయడం ముఖ్యమైన పనిగా గల ఆటగాడు.
ఆఫ్‌సైడ్: తనకు ముందు తగినంతమంది ప్రత్యర్థులు లేనిచోట నిలిచి బంతిని అందుకోవడం, ఇది నియమవిరుద్ధం.